అప్‌డేట్: మజ్జలో ఆక్సిజన్ రీడింగులు ఎందుకు తప్పాయంటే

బతికున్న చిట్టెలుక పుర్రె ఎముక మజ్జలో మూలకణాల చుట్టూ ఆక్సిజన్ కొలుస్తుంటే, లోతుకెళ్లేకొద్దీ రీడింగ్ ఇష్టమొచ్చినట్టు మారుతోందని అడిగాను కదా, తప్పు నాదే. ప్రోబ్ (ఆక్సిజన్‌ను బట్టి వెలుగు మారే రంగు పదార్థం) ఎంత ప్రకాశంగా వెలుగుతోందో చూస్తూ కూర్చున్నాను, ఎముక కాంతిని చెదరగొట్టేస్తే అదెలాగూ తగ్గుతుంది. మీరు చెప్పినట్టు టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌తో (కణజాలం లోతు వరకు చూడగలిగేది) ఫాస్ఫోరెసెన్స్, అంటే లేజర్ ఆపాక కూడా ప్రోబ్‌లో మిగిలే వెలుగు, ఎంతసేపు నిలుస్తోందో కొలిచాను: ఆక్సిజన్ ఎక్కువుంటే త్వరగా ఆరిపోతుంది, ప్రకాశంతో పెద్దగా పనిలేదు. ఇప్పుడు టెన్షన్ లేదు. ఇంకో మాట, ఎముక గోడ పక్కనే ఆక్సిజన్ అతి తక్కువని ఇన్నాళ్లూ నమ్మాను. 2014లో నేచర్ సైన్స్ పత్రికలో వచ్చిన కొలతల్లాగే నాకూ లోపలి సైనుసాయిడ్ల (మజ్జలోని పలుచని గోడల రక్తనాళాల) దగ్గరే తక్కువ కనిపించింది. గోడ వైపు చిన్న ధమనులున్నాయిగా! క్యాలిబ్రేషన్ (తెలిసిన ఆక్సిజన్ స్థాయిలతో ప్రోబ్ రీడింగును సరిచూసుకోవడం) మాత్రం శరీర ఉష్ణోగ్రతలోనే చేయండి, అది మరిచి ఒక రోజంతా పోగొట్టుకున్నాను.