ఆర్మేనియా సుఖోయ్‌లు కొనడం తప్పేనా? చిన్న దేశం తన సైన్యాన్ని ఎలా బాగుచేసుకోవాలి?

లెక్కల_మనిషి:
ఎప్పటినుంచో ఈ ప్రశ్న అడగాలని ఉంది. ఆర్మేనియా జనాభా 30 లక్షలు. పక్కనున్న అజర్‌బైజాన్‌లో కోటి మంది, పైగా చమురు, గ్యాస్ డబ్బు. 2019 చివర్లో ఆర్మేనియా రష్యా నుంచి నాలుగు సుఖోయ్-30 ఫైటర్లు తెచ్చుకుంది. చట్టం ప్రకారం అజర్‌బైజాన్‌దే అయినా ఆర్మేనియన్లు ఏలుతున్న నగొర్నో-కరాబాఖ్ కోసం 2020 సెప్టెంబర్ 27న రెండు దేశాల మధ్య మొదలైన యుద్ధం 44 రోజులు నడిచింది. ఆ నాలుగు విమానాల వల్ల ఒరిగిందేమీ లేదు. యుద్ధం నాటికి వాటికి క్షిపణులే లేవని ప్రధాని పాషిన్యాన్ 2021లో స్వయంగా చెప్పారు. అప్పటినుంచి అందరూ "చిన్న దేశానికి ఫైటర్లు ఎందుకు" అని ఒకటే పాట. నేను ఒప్పుకోను. విమానాలు కొనడం తప్పు కాదు, క్షిపణులు కొనకపోవడం తప్పు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాత_సార్జెంట్:
బాబూ, నేను ఇరవై ఏళ్లు విమానాల కింద పనిచేసినవాణ్ణి. కాగితం మీద నాలుగంటే నిజంగా నాలుగు కాదు. ఒకటి సర్వీసింగ్‌లో ఉంటుంది, ఇంకొకటి స్పేర్ పార్టు కోసం ఎదురుచూస్తుంటుంది. పొద్దున ఎగరడానికి రెండు మిగిలితే అదృష్టం. ఆ రెండింటితో 44 రోజులు ఆకాశాన్ని ఎవరు కాపలా కాస్తారు?

ఒకసారి మా విమానానికి హైడ్రాలిక్ పంపు పోయింది. స్టోర్‌లో లేదు. రాత్రి రెండింటికి పక్క విమానం పంపు విప్పి దీనికి వేశాం. టార్చ్ నోట్లో పెట్టుకుని, కంటికి కనపడని చోట ఆఖరి నట్టును వేళ్లతో తడుముకుంటూ బిగించాను. తెల్లారేసరికి ఇది ఎగిరింది. పంపు ఇచ్చిన విమానం మాత్రం మూడు నెలలు కదల్లేదు. ఆ ఆలస్యాన్ని నా రిపోర్టులో నా పేరు మీద రాశారు. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ విమానాలు వచ్చిన రోజు ఫొటోల్లో నిలబడ్డ పెద్దవాళ్లలో ఒక్కరికి కూడా మెమో రాలేదు.

విహారి88:
ఎస్టోనియాను చూడండి. జనాభా 13 లక్షలు. ఒక్క ఫైటర్ కూడా లేదు. 2004 నుంచి నాటో దేశాల విమానాలే వంతులవారీగా వచ్చి గస్తీ తిరుగుతున్నాయి. తమ దగ్గరున్న, బండికి కట్టి లాగే 155 మిల్లీమీటర్ల హోవిట్జర్ ఫిరంగులన్నీ ఉక్రెయిన్‌కు ఇస్తామని 2023లో ప్రకటించారు. ఇచ్చాక కూడా ధైర్యంగానే ఉన్నారు.

లెక్కల_మనిషి:
విహారి, ఎస్టోనియా వెనక నాటో ఉంది. ఆర్మేనియా వెనక ఎవరున్నారు?

సార్జెంట్ గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. అజర్‌బైజాన్ వాడిన టర్కీ డ్రోన్ బైరక్తార్ టీబీ2 మామూలుగా గంటకు 130 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. క్షిపణి ఉన్న ఫైటర్‌కు అది పెద్ద లెక్కా? అవునా, కాదా?

డా_సింధు:
నేను ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదివాను. 2020లో అక్కడే ఉన్నాను. మేం అద్దెకున్న ఇంటి ఆంటీకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి అప్పుడు 19 ఏళ్లు. అక్కడ అప్పట్లో 18 నిండిన మగపిల్లలు రెండేళ్లు సైన్యంలో చేయాల్సిందే. ఆ రోజుల్లో ఆంటీ ఫోన్‌ను చార్జర్ వైరుతో సహా చేతిలో పెట్టుకుని కూర్చునేది, అది ఆగిపోతుందేమోనని. ఒకసారి వాడు మాట్లాడినప్పుడు చెప్పాడట, పైన రోజంతా ఏదో చప్పుడు వినిపిస్తోందని, తల ఎత్తితే ఏమీ కనపడడం లేదని, చలికి మంట కూడా వేసుకోనివ్వడం లేదని. అక్టోబర్ చివరి వారం తర్వాత ఫోన్ రాలేదు.

యెరాబ్లూర్ సైనిక శ్మశానంలో కొత్త సమాధి సమాధికీ ఒక జెండా. గాలి వీస్తే అన్నీ ఒక్కసారే రెపరెపలాడతాయి. ఆ యుద్ధంలో ఆర్మేనియా వైపు చనిపోయినవాళ్లు 3,800 మందికి పైగా, చాలామంది ఇరవై కూడా దాటని పిల్లలు. మీరు నాలుగు విమానాల దగ్గరే ఆగిపోయారు. ఆ డబ్బుతో ఆ పిల్లల నెత్తిన ఒక పనికొచ్చే గొడుగు ఎందుకు పెట్టలేదన్నది నా ప్రశ్న.

లెక్కల_మనిషి:
మీరు చెప్పింది చదివి బాధ కలిగింది. కానీ ఏడుపు కథలతో రక్షణ విధానం నడవదు. నేను అడిగింది క్షిపణుల గురించి.

కిరణ్_వై:
ఆ మాట అనకుండా ఉండాల్సింది బ్రో.

పాత_సార్జెంట్:
నీ క్షిపణుల లెక్కే తీసుకుందాం. డ్రోన్ నెమ్మదిగా పోతుందన్నావు, నిజమే. దాన్ని ముందు చూడాలిగా? ఆర్మేనియా చేతిలో ఉన్నవి చాలావరకు ఓసాల్లాంటి సోవియట్ కాలం నాటి గగనరక్షణ క్షిపణి వ్యవస్థలు. అజర్‌బైజాన్ పాత ఆంటొనోవ్-2 విమానాలను మనిషి లేకుండా ఎగరేసి ఎర వేసింది. వాటిని కొట్టడానికి ఇక్కడ రాడార్ ఆన్ చేయగానే ఎక్కడుందో తెలిసిపోయింది. ఆ వెంటనే డ్రోనో, రాడార్ మీదే పడి పేలే ఇజ్రాయెల్ హారోపో వచ్చి పడింది. నీ సుఖోయ్ లేచి ఉంటే? తమ దేశంలో టర్కీ ఎఫ్-16 ఫైటర్లు ఉన్నాయని అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవే ఒప్పుకున్నాడు. అన్నీ తెలిసి ఒక్క క్షిపణినే పట్టుకుని వేలాడుతున్నావు.

ఇంకో మాట. ఆ అమ్మాయి చెప్పినదాన్ని ఏడుపు కథ అన్నందుకు ముందు క్షమాపణ చెప్పు.

మోడరేటర్:
అందరూ కాస్త తగ్గండి. ఇంకోసారి ఎవరైనా వ్యక్తిగతంగా వెళితే చర్చ మూసేస్తాం.

లెక్కల_మనిషి:
సింధు గారూ, క్షమించండి. ఆ మాట అనకూడదు.

నేను క్షిపణులనే పట్టుకోవడానికి కారణం ఉంది. మా నాన్న ఒకే కంపెనీని నమ్మి వ్యాపారం చేశాడు. డబ్బు ముందే కట్టాడు. సరుకు రాలేదు. అడిగితే "వస్తుంది, వస్తుంది" అన్నారు. ఆ మాట వింటూనే ఇల్లు అమ్మేశాం. విమానం ఇచ్చిన దేశం దగ్గరే క్షిపణి, దాని దగ్గరే స్పేర్, దాని దగ్గరే రేపటి భరోసా. ఆర్మేనియా అంతా రష్యా చేతిలో పెట్టింది. 2020లో "పోరు జరుగుతోంది కరాబాఖ్‌లో, ఆర్మేనియా భూభాగంలో కాదు" అని రష్యా వాళ్లు అన్నారు, పోనీ అనుకుందాం. 2022 సెప్టెంబర్‌లో ఆర్మేనియా సొంత గడ్డ మీదే దాడి జరిగితే రష్యా నడిపే సీఎస్‌టీవో కూటమి ఏం పంపింది? పరిస్థితి చూసి రమ్మని ఒక బృందాన్ని. డబ్బు కట్టిన ఆయుధాలు కూడా రష్యా నుంచి రాలేదు. 2023లో కరాబాఖ్ మొత్తం పోయింది. అందుకే చెబుతున్నా, చిన్న దేశం ఎవరినీ పూర్తిగా నమ్మకూడదు. నాలుగు చోట్ల కొనాలి. ఇప్పుడు అదే చేస్తున్నారు. ఇండియా నుంచి పినాకా రాకెట్లు, ఆకాశ్ క్షిపణులు, ఫ్రాన్స్ నుంచి సీజర్ హోవిట్జర్లు, రాడార్లు. నా దృష్టిలో అసలైన ఆధునికీకరణ అంటే అదే.

పాత_సార్జెంట్:
ఇదీ అసలు సంగతి. మొదటి పోస్టులోనే ఈ మాట అంటే ఇంత రభస ఉండేది కాదు. ఇక్కడే నీతో నాకు తేడా వస్తుంది బాబూ.

నాలుగు దేశాల దగ్గర కొంటే నాలుగు రకాల పానాలు, నాలుగు రకాల మాన్యువల్స్, నాలుగు చోట్ల ట్రైనింగ్. పెద్ద దేశమే అది మోయలేక మూలుగుతుంది. 30 లక్షల జనంలో రాడార్ బాగుచేయడం వచ్చిన కుర్రాళ్లు ఎంతమంది దొరుకుతారు? వాళ్లనే నాలుగు ముక్కలు చేస్తే ఒక్క ముక్కా చాలదు. సింగపూర్ వాళ్లు 1970లలో అమెరికా పాత స్కైహాక్ యుద్ధ విమానాలు కొన్నారు. పాతవే! వాటిని తమ చేతులతో బాగుచేయడం నేర్చుకున్నారు. 1980లలో తమ దేశంలోనే వాటికి కొత్త ఇంజిన్లు బిగించారు. ముందు చేతులు తయారయ్యాయి, కొత్త విమానాలు మెల్లగా వచ్చాయి. నేనైతే ఆర్మేనియాకు చెప్పేది ఒకటే: రకాలు తగ్గించు, రిపేరు ఇంట్లో నేర్చుకో.

లెక్కల_మనిషి:
సింగపూర్ వాళ్లకు ఇరవై ఏళ్లు దొరికాయి. ఆర్మేనియాకు ఎవరిస్తారు అంత టైమ్? రకాలు తగ్గిస్తే మళ్లీ ఒక్కడి చేతిలోకే పోతుంది. రేపు ఆ ఒక్కడు హ్యాండిస్తే?

పాత_సార్జెంట్:
రష్యాను నమ్మమని నేననలేదు. ఇద్దరి దగ్గర కొను, ఐదుగురి దగ్గర వద్దు. ఒప్పందంలో ఆయుధంతో పాటు వర్క్‌షాప్ కూడా అడుగు. ఇవ్వనంటే ఆ ఆయుధం మనకొద్దు.

విహారి88:
కొనుక్కునేవాడు అవసరంలో ఉంటే "వద్దు" అనగలడా సార్?

డా_సింధు:
క్షమాపణ అందింది.

మీరిద్దరూ ఆయుధం ఎక్కడ కొనాలని వాదిస్తున్నారు. దాని వెనక ఎవరు నిలబడాలన్నది ఎవరూ అడగలేదు. జీతం మీద అయిదేళ్లు ఉండే కాంట్రాక్టు పద్ధతి 2023లో పెట్టారని ఆంటీ చెప్పింది. సార్జెంట్ గారు చెప్పిన చేతులు అక్కడే తయారవ్వాలి. 18 ఏళ్లకు వచ్చి కొద్దికాలానికే పోయే పిల్లాడికి రాడార్ పని ఎప్పుడు వస్తుంది సార్? వచ్చేసరికి ఇంటికి పంపేస్తారు.

ఆంటీ చిన్నకొడుకుకు వచ్చే ఏడాది 18 నిండుతాయి. వాడికి కంప్యూటర్లంటే పిచ్చి. పోయిన వారం ఫోన్లో అడిగింది, "మీ ఇండియా పంపిన కొత్త వాటి దగ్గర వేస్తారా వాడిని, లేక అన్న ఉన్నచోటికేనా?" అని. తెలీదన్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆవిడకు రాస్తాను.