మామిడిపండు సొన పడని పిల్లకి పండు ఎలా కడిగి పెట్టాలి?

మా పాప రసం మామిడిపండు పిసికి జుర్రుకుందంటే చాలు, మర్నాటికల్లా పెదాల చుట్టూ ఎర్రగా పొక్కి ఒకటే దురద. అదే బంగినపల్లి చెక్కు తీసి ముక్కలు కోసిపెడితే ఏమీ కాదు. అంటే గుజ్జు కాదు, ముచ్చిక దగ్గర కారే సొనే పడట్లేదని నా అనుమానం. ముచ్చిక కోసేసి, పండ్లు నీళ్లలో నానబెట్టి, బాగా రుద్ది కడుగుతున్నా. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. సొన జిగురు కదా, ఉత్త నీళ్లకి వదులుతుందా? గోరువెచ్చని నీళ్లు, వంటసోడా ఎవరైనా వాడి చూశారా? తొక్కలోనే ఉంటే ఎంత కడిగినా దండగేనేమో. జీడిమామిడిదీ ఇదే కుటుంబం కాబట్టి జీడిపప్పు పెట్టాలన్నా టెన్షన్‌గా ఉంది. ఆయాసం, గొంతు వాపు లాంటివైతే లేవు. ఇలాంటి పిల్లలున్నవాళ్లు ఏం చేస్తున్నారో కాస్త చెప్పండి. రసాలు మానిపించమని మాత్రం అనకండి, ఇంట్లో యుద్ధమే!