అరీతా వద్దన్న సినిమాను ఆమె పోయాక విడుదల చేయొచ్చా?

పాతరికార్డు:
1972 జనవరి 13, 14 రాత్రుల్లో లాస్ ఏంజెలిస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ గోస్పెల్ పాటలు, అంటే చర్చి భక్తిగీతాలు, పాడింది. ఆ పాటలు అదే ఏడాది 'అమేజింగ్ గ్రేస్' పేరుతో రెండు ఎల్పీల ఆల్బమ్‌గా వచ్చి 20 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ కచేరీని దర్శకుడు సిడ్నీ పొలాక్ తీయించిన ఫిల్మ్ మాత్రం డబ్బాల్లోనే ఉండిపోయింది. చాలా ఏళ్లకు నిర్మాత ఆలన్ ఇలియట్ దాన్ని బాగుచేయించి బయటికి తేబోతే అరీతా కోర్టుకెక్కింది. 2015లో అమెరికాలోని టెల్యురైడ్ చిత్రోత్సవంలో ఇంకొన్ని గంటల్లో ఆట పడుతుందనగా కోర్టు ఆపేసింది. 2018 ఆగస్టు 16న ఆమె కన్నుమూసింది. మూడు నెలలు తిరక్కుండానే, నవంబరులో, కుటుంబం ఒప్పుకోవడంతో న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన జరిగింది.

చట్టం సంగతి పక్కన పెడదాం. ఒక మనిషి బతికున్నన్నాళ్లూ గట్టిగా వద్దన్నదాన్ని, పోగానే తెర మీదికి తేవచ్చా? నా మాట ముందే చెప్తున్నాను. సినిమా గొప్పది, మళ్లీ మళ్లీ చూడదగ్గది. ఆ విడుదల మాత్రం తప్పు.

సౌండ్‌బాబు:
అన్నేళ్లు ఆగిపోవడానికి మొదటి కారణం ఆమె కాదండీ. షాటుకు ముందు క్లాప్ కొట్టలేదు. బొమ్మ ఫిల్మ్ మీద, శబ్దం వేరే టేపు మీద. రెండింటినీ కలపడానికి గుర్తు లేదు. పైగా చాలా కెమెరాలు, ఎవరికి వాళ్లు ఆపుతూ మొదలుపెడుతూ తీసిన 16 ఎంఎం ముక్కలు. పెదవికీ పాటకీ కాస్త తేడా వచ్చినా చూడలేం. అప్పటివాళ్లు చేతులెత్తేశారు. డిజిటల్ పద్ధతులు వచ్చాక గానీ కుదరలేదు. పొలాక్ 2008లోనే పోయారు, పూర్తయిన సినిమా ఆయన చూడనేలేదు.

ఇక ఆమె అభ్యంతరం. సినిమా తనకు నచ్చిందని అరీతాయే 2015లో డెట్రాయిట్ పత్రికతో చెప్పారు. చట్టపరమైన చిక్కులున్నాయి కాబట్టి ఎక్కువ మాట్లాడలేనన్నారు. అంటే గొడవంతా హక్కుల గురించి. హక్కులు వారసులకు వచ్చాయి, వాళ్లు మాట్లాడుకుని తీర్చుకున్నారు. ఇందులో మోసం ఎక్కడుంది?

పాతరికార్డు:
మోసం అనలేదు సౌండ్‌బాబు గారూ. కానీ "హక్కుల గురించే కదా" అని తేల్చేయడం నాకు నచ్చలేదు. కచేరీకి ముందే డబ్బు నగదుగా పుచ్చుకుని, ఆ హ్యాండ్‌బ్యాగు స్టేజీ మీద కళ్ల ముందే పెట్టుకుని పాడిన మనిషి ఆవిడ. నల్లజాతి గాయకుల పాటలతో కంపెనీలు బాగుపడి, పాడినవాళ్లకు చిల్లర విదిల్చిన రోజుల్లో పైకొచ్చింది. తన పాట మీద, తన ముఖం మీద చివరి మాట తనదే కావాలని ఆమె జీవితమంతా పోరాడింది. ఆ పట్టుదలకూ ఆ గొంతుకూ వేరు ఒకటే అని నేననుకుంటాను.

ఇంకో సంగతి చూడండి. 2018 నవంబరు నాటికి ఆమె వీలునామా రాయలేదనే అందరూ అనుకుంటున్నారు. చేత్తో రాసిన కాగితాలు 2019లో ఇంట్లో దొరికాయి, ఒకటి సోఫా దిండు కింద. 2014 నాటి కాగితమే చెల్లుతుందని జ్యూరీ తేల్చేసరికి 2023 వచ్చింది. అందులో ఈ సినిమా గురించి రాసిందని నేననడం లేదు. ఆమె ఇష్టమేమిటో సొంత ఇంట్లోనే తెలియని రోజుల్లో అంత తొందరేమిటి అంటున్నాను.

రాత్రిషో:
ఆల్బమ్ ఉంది కదా? గ్రామీ కూడా వచ్చింది. పాట పోలేదు. బొమ్మ లేకపోతే లోకానికి వచ్చిన నష్టమేంటి?

ఒంగోలు_ఆల్టో:
రాత్రిషో గారూ, నష్టం చాలా ఉంది. నేను చర్చి క్వయర్‌లో, అంటే గాయక బృందంలో, పాడేదాన్ని. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ 19వ శతాబ్దంలోనే వచ్చిన ఊరు మాది కాబట్టి ఈ సంప్రదాయం నాకు మరీ పరాయిది కాదు. ఆ ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నా, సినిమాలో కనిపించినవి అందులో నాకు దొరకలేదు.

టైటిల్ పాట తీసుకోండి. ఆమె ఒక్కో మాటనూ సాగదీస్తూ, ఆపుతూ, దాదాపు 11 నిమిషాలు పాడుతుంది. ఆ పాట నడుస్తుండగా రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్ ఇక తట్టుకోలేక గుడ్డతో ముఖం కప్పుకుని ఏడుస్తాడు. రెండు రాత్రులూ కార్యక్రమం నడిపింది, జనాన్ని మాటలతో నవ్వించింది ఆయనే. వెనక చేతుల్లేని వెండిరంగు కోట్లు వేసుకున్న సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ వాళ్లు కుర్చీల్లో నిలవలేక లేస్తుంటారు. రికార్డులో అవి కేకలుగా వినిపిస్తాయి, అంతే. ఆ కేక ఎవరిది, అప్పుడా మనిషికి ఏమవుతోంది అన్నది చూస్తేనే తెలుస్తుంది. మనం వింటున్న పాటను పక్కన నిలబడ్డవాళ్లు ఎలా వింటున్నారో కెమెరా చూపిస్తుంది.

రెండో రాత్రి తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ వస్తాడు. ఆమె పియానో ముందు కూర్చుని పాడుతుంటే దగ్గరికెళ్లి ముఖం మీద చెమట తుడుస్తాడు. ఆమె పాట ఆపదు, తలెత్తి చూడదు. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు, సోల్ సంగీతానికి రాణి. ఆయన చేతిలో మాత్రం డెట్రాయిట్ చర్చిలో పాడిన చిన్నపిల్లే. అందులో ప్రేమ ఉంది, కొంచెం అధికారమూ ఉంది. ముందు వరుసలో ఆయన పక్కనే క్లారా వార్డ్, అరీతా చిన్నప్పుడు ఎవరిని చూసి నేర్చుకుందో ఆవిడ. ఆ తర్వాత ఏడాదికే క్లారా పోయారు. వీళ్లంతా అలా ఒక్కచోట కూర్చున్నది ఈ ఫిల్మ్‌లో దొరికింది.

అందుకే పాతరికార్డు గారితోనూ నాకు పేచీ ఉంది. ఆ రెండు రాత్రులు అరీతా ఒక్కదానివేనా? క్వయర్‌ను ఒళ్లంతా చేతులు చేసుకుని నడిపించిన అలెగ్జాండర్ హామిల్టన్ ఉన్నాడు. బెర్నార్డ్ పర్డీ డ్రమ్స్, చక్ రైనీ బేస్, కార్నెల్ డుప్రీ గిటార్ ఉన్నాయి. క్వయర్‌లో పాడినవాళ్లు తమ పాట విన్నారు గానీ తమను తాము చూసుకోలేదు, 46 ఏళ్లు. వాళ్ల ఇష్టం లెక్కలోకి రాదా?

సౌండ్‌బాబు:
ఈ మాట నాకు తట్టలేదు. క్లీవ్‌లాండ్ 1991లో, సి.ఎల్. ఫ్రాంక్లిన్ 1984లో పోయారు. వీలునామా తేలేదాకా, అంటే 2023 దాకా ఆగాలంటే, మిగిలినవాళ్లలో ఇంకెందరు ఉండేవాళ్లు?

పాతరికార్డు:
ఆల్టో గారూ, చెమట తుడిచే చోటు మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా వాదన కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. సినిమా మొత్తంలో ఆమె మాట్లాడేది చాలా తక్కువ. మాటలన్నీ క్లీవ్‌లాండ్‌వి, తండ్రివి. ఆమె పాడుతుంది, మంచినీళ్లు తాగుతుంది, కళ్లు మూసుకుంటుంది. అంత మౌనంగా ఉన్న మనిషి ఈ ఫిల్మ్ గురించి నోరు తెరిచి గట్టిగా చెప్పిన ఒకే ఒక్క మాట కోర్టులో చెప్పిన "వద్దు".

క్వయర్ వాళ్ల సంగతి న్యాయమే. 2023 దాకా ఆగాలని నేననలేదు. ఆ చర్చిలోనే వాళ్లకు ముందు వేసి చూపించి, టిక్కెట్లు పెట్టి అమ్మడం కొన్నేళ్లు ఆపొచ్చు కదా? గొడవంతా హక్కుల గురించి అని సౌండ్‌బాబు గారే అన్నారు.

ఒంగోలు_ఆల్టో:
అలా చేస్తే మీరూ నేనూ చూసేవాళ్లం కాదు.

పాతరికార్డు:
కాదు. దానికి నేను సిద్ధమే.

ఒంగోలు_ఆల్టో:
నేను సిద్ధంగా లేనండీ. మా క్వయర్ పిల్లలకు ఈ సినిమా చూపించాను. హామిల్టన్ చేతులు చూస్తూ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. అది ఏ ఆల్బమ్ వినిపించీ నేర్పలేకపోయాను.