‘ఇంజను బోరుకొచ్చింది’ అనే మాట గురించి

‘ఇంజను బోరుకొచ్చింది’ అన్నప్పుడు ఆ ‘కు’ ఏ అర్థంలో వచ్చిందని మిత్రులొకరు అడిగారు. సోంపేట, పలాస వైపు జీడి, కొబ్బరి తోటల్లో గడ్డి కోసే యంత్రాలు వాడేవారి నోట నేను తరచుగా వినే మాట ఇది. అందుకే నాకు తోచినది కొంచెం వివరంగా రాస్తున్నాను.

వరి విషయంలో మనకు రెండు మాటలున్నాయి. ‘పొట్టకొచ్చింది’ అన్నప్పుడు పొట్ట అనేది పైరు అప్పటికి చేరుకున్న దశ. ‘కోతకొచ్చింది’ అన్నప్పుడు కోత అనేది ఇంకా జరగని, మనం చేయవలసిన పని. బోరుకొచ్చింది ఈ రెండో తెగకు చెందిన మాట. సిలిండరు లోపలి గోడ అరిగిపోతే దానిని పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్దది చేయించి, ఆ కొలతకు సరిపడే పిస్టను, రింగులు వేయించడమే బోరు చేయించడం. ఇంజను ఆ పనికి సిద్ధమైందని దీని అర్థం. (నీళ్ళకైతే బోరు వేయిస్తాం, విసుగైతే బోరు కొడుతుంది, ఇంజనుకైతే బోరు చేయిస్తాం. నామవాచకం ఒక్కటే అయినా క్రియ తికమక పడనివ్వదు.)

అయితే కోతకొచ్చిన చేను గట్టు మీద నుంచే కనబడుతుంది గాని, బోరుకొచ్చిన ఇంజను అలా కనబడదు. స్టార్టు చేసే తాడు లాగినప్పుడు చేతికి బిగువు తగలకపోతే కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కిపట్టే శక్తి) తగ్గిందని మాత్రమే తెలుస్తుంది. ఆ గాలి రింగుల పక్క నుంచి కారుతోందా, వాల్వుల నుంచా, హెడ్ గ్యాస్కెట్ నుంచా అన్నది ఇంకా తేలవలసిన సంగతి. మా తోటలోని యంత్రాన్ని బజారులో మెకానిక్కుకు చూపించినప్పుడు ఆయన ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, తాడు ఒకసారి లాగి, ‘బోరుకొచ్చీసింది బాబూ’ అన్నారు. ఇంటికి తెచ్చి ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఇంజనాయిలు వేసి మళ్ళీ లాగి చూశాను. రింగులో బోరో అరిగి ఉంటే ఆ ఆయిలు సందును కాసేపు మూసి బిగువు పెరగాలి. కొంచెమైనా పెరగలేదు. చివరికి తేలిందేమిటంటే, ఎగ్జాస్టు (పొగ బయటికి పోయే) వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఉండవలసిన సందు పూర్తిగా మూసుకుపోయి, వాల్వు తన సీటు మీద కూర్చోవడం మానేసింది. హోండా జీఎక్స్ 160 పాత మోడళ్ళ వంటి ఇంజనుకు ఇన్‌లెట్ (గాలి లోపలికి వచ్చే) వైపు 0.15, ఎగ్జాస్టు వైపు 0.20 మిల్లీమీటర్ల సందు చెబుతారు. మా దానికి కాగితమంత సందు కూడా లేదు.

కంప్రెషన్‌ను మీటరు పెట్టి కొలిచినా ఒక మెలిక ఉంది. తాడు తేలికగా రావడం కోసం చాలా ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో, స్టార్టు చేసేటప్పుడు వాల్వును కాస్త ఎత్తిపట్టే ఏర్పాటు క్యామ్ షాఫ్టు మీదే ఉంటుంది, కాబట్టి బాగున్న ఇంజను కూడా మీటరు మీద తక్కువే చూపించవచ్చు. అందువల్ల రెండు వాల్వులూ మూసుకుని పిస్టను పైన ఉన్నప్పుడు, షాఫ్టు తిరగకుండా పట్టి, ప్లగ్గు రంధ్రం నుంచి గాలి ఎక్కించి చెవి పెట్టడం మేలు. కార్బురేటరులో సుయ్‌మంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సరులో వినబడితే ఎగ్జాస్టు వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర గట్టిగా వినబడితే రింగులు లేదా బోరు. అక్కడ సన్నని చప్పుడు మంచి ఇంజనుకూ ఉంటుంది.

ఇక కంప్రెషన్‌కు పాఠ్యపుస్తకాల్లో వాడే ‘సంపీడనం’ అనే మాట మెకానిక్కు షాపులోకి ఎందుకు రాలేదన్న ప్రశ్న. సంపీడనం అంటే నొక్కడమనే క్రియ. మెకానిక్కు చెప్పే కంప్రెషన్ ఇంజనుకు ఉండే గుణం. కంప్రెషన్ ఉంది, తగ్గింది, పోయింది అనవచ్చు గాని, ‘సంపీడనం పోయింది’ అంటే వాక్యమే నిలబడదు. ‘బిగువు’ ఆ చోట చక్కగా ఒదుగుతుందని నా అభిప్రాయం, కాకపోతే నట్టు బిగువు, బెల్టు బిగువు అని ఆ మాటను షాపులో ముందే వాడుకుంటున్నారు.

నేను గమనించిన మరో సంగతి: ‘వాల్వుకొచ్చింది’ అని ఎవరూ అనగా వినలేదు. వాల్వు పని కాదు, వస్తువు. అందుకని ఆ ‘కు’ దానికి అతకదు. ‘వాల్వు కూర్చోవడం లేదు’ అని పూర్తి వాక్యం చెప్పవలసిందే. పొట్టి మాట బోరుకు మాత్రమే ఉండడం వల్ల, కంప్రెషన్ తగ్గిన ప్రతి ఇంజనూ ఆ మాటలోకే జారుతోందని నా అనుమానం. విజయనగరం, బొబ్బిలి వైపు వాల్వు కారడానికి వేరే పొట్టి మాట ఏదైనా వాడుకలో ఉంటే మిత్రులు తెలియజేయగలరు.