సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ: కావాలా, వద్దా?

గుంటూరు_వినియోగదారుడు:
ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో ఎగువ సీలేరులో 150 మెగావాట్ల మిషన్లు 9 పెట్టి పంప్డ్ స్టోరేజీ కట్టాలనుకుంటోంది, అంటే మిగిలిన కరెంటుతో నీళ్లు పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. తోడటానికి 100 యూనిట్ల కరెంటు పెడితే తిరిగొచ్చేది 75, 80 మధ్యే. ఈ నష్టం, వేల కోట్ల ఖర్చు కలిసి చివరికి మన బిల్లు మీదే కదా పడేది? అదే డబ్బుతో సోలార్ పెడితే పోలా?

సబ్‌స్టేషన్_షిఫ్ట్:
సోలారే పెట్టాం కదండీ. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017 నుంచే ఉంది. మధ్యాహ్నం అన్నివైపులా సోలార్ వచ్చి పడుతుంది, ఆరయ్యేసరికి మొత్తం సున్నా. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు, మిక్సీలు అన్నీ ఒకేసారి మొదలవుతాయి, షిఫ్టులో కూర్చుంటే ఆ గంట ఎంత టెన్షనో మాకే తెలుసు. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లు తోడి రాత్రికి వదలడం తప్ప ఇంత పెద్ద ఎత్తున దాచే దారి పెద్దగా లేదు. బ్యాటరీలు ఉన్నాయంటారు, నిజమే, కానీ కొన్నేళ్లకు మార్చాలి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం చూడండి, 1955 నుంచి తిరుగుతూనే ఉంది. పైగా సీలేరులో పైన గుంటవాడ, కింద డొంకరాయి, రెండు జలాశయాలూ ఎప్పుడో కట్టినవే, కొత్తగా ఊళ్లు ముంచక్కర్లేదు.

కోనసీమ_రైతు:
మా దాళ్వా (రెండో పంట) వరి చాలామట్టుకు సీలేరు నీళ్ల మీదే గట్టెక్కుతుంది. ఆ నీళ్లు పైకీ కిందికీ తిప్పుకుంటూ కూర్చుంటే మార్చిలో మా కాలవకి ఏం వస్తుంది?

సబ్‌స్టేషన్_షిఫ్ట్:
తిప్పినంత మాత్రాన నీళ్లు తరగవండీ. కాకపోతే రెండు జలాశయాల్లోనూ కొంత మట్టం ఎప్పుడూ ఉంచాలి. డెల్టాకి వదిలే వాటాని ముందే రాసిపెట్టించుకోవాలి, మీరు అడగడంలో న్యాయం ఉంది. నాగార్జునసాగర్‌లో నీళ్లు వెనక్కి తోడే మిషన్లు 7 పెట్టి, తోడటానికి నీళ్లు నిలిపే టెయిల్‌పాండ్ (కింది జలాశయం) మాత్రం ఏళ్ల తరబడి కట్టలేదు. అలా సగం సగం చేస్తేనే నిజంగా నష్టం.

మన్యం_బిడ్డ:
నాది జీకే వీధి మండలం. "ఊళ్లు ముంచక్కర్లేదు" అని తేలిగ్గా అనేశారు. మాచ్‌ఖండ్ కోసం జలపుట్ డ్యామ్ కట్టినప్పుడు మునిగినవి మావాళ్ల ఊళ్లే, మా తాత ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటాడు. పెద్ద లైన్లు మా జీడిమామిడి తోట మీదుగానే పోతాయి, కింద మా ఇంట్లో బల్బు మాత్రం చీకటి పడితే ఎర్రగా మిణుకుమంటుంది, ఈదురుగాలి వస్తే రెండ్రోజులు అదీ ఉండదు. జలాశయం ఉందని సరిపెట్టుకుంటే ఎలా అన్నా, సొరంగం తవ్విన రాయి ఎక్కడ పోస్తారు, కొత్త లైన్లకి అడవి ఎంత కొడతారు? రోజూ నీటిమట్టం ఎక్కుతూ దిగుతూ ఉంటే ఒడ్డంతా బురదే, నాటుపడవ మీద చేపలు పట్టుకునేవాడు వల ఎక్కడ కట్టాలి?

నేను వద్దనడం లేదు. ఏజెన్సీ భూములు ప్రైవేటు కంపెనీలకి ఇవ్వకూడదన్న 1997 నాటి సమతా తీర్పు, ప్రభుత్వ సంస్థ కడితే అడ్డురాదని నాకూ తెలుసు. కానీ ఏజెన్సీ గ్రామసభలకి హక్కులిచ్చే పీసా చట్టం ప్రకారం మా భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలి. అనంతగిరి వైపు ప్రైవేటు కంపెనీల ప్రాజెక్టుల మీద జనం రోడ్డెక్కింది ఇందుకే. అక్కడ జలాశయాలు కొత్తగా కట్టాలి, కొండలే పోతాయి, సీలేరుతో కలిపి మాట్లాడకండి.

గుంటూరు_వినియోగదారుడు:
లెక్క కొంత అర్థమైంది, సాయంత్రం సంగతి నేను ఆలోచించలేదు. మరి గ్రామసభలో మీవాళ్లు ఏం అడుగుతారు తమ్ముడూ?

మన్యం_బిడ్డ:
మూడే. రాయి పోసే చోటు మ్యాప్ మీద కాదు, నడిపించి చూపించాలి. చేపల వాళ్లకి ఏటా ఇంతని పరిహారం కాగితం మీద ఉండాలి. ఒక్క మిషనైనా తిరగకముందే మా గూడేలకి సరైన లైను వేయాలి.