దయ్యం కథలో ‘వచ్చింది’

చిన్న దయ్యం కథలు రాసేవాళ్లకు ఒక ఇబ్బంది ఎదురవుతూ ఉంటుంది. వచ్చిందేమిటో తేల్చకుండా ఉంచితే పాత్ర కూడా పల్చబడిపోతుంది. పాత్రను గట్టిగా నిలబెడితే గుట్టు బయటపడిపోతుంది. ఈ రెండూ సర్దుకునే వీలు మన క్రియలోనే ఉందని నా నమ్మకం. ‘వచ్చింది’ అన్న మాటే చూడండి.

తమిళంలో ఆడమనిషి వస్తే ‘వందాళ్’, పిల్లి వస్తే ‘వందదు’. కన్నడంలో ‘బందళు’, ‘బంతు’. మనకు రెంటికీ ఒకటే: అమ్మాయి వచ్చింది, పిల్లి వచ్చింది, వాన వచ్చింది. ఏకవచనంలో మహతీవాచకానికీ (ఆడవాళ్లను చెప్పే మాట) అమహద్వాచకానికీ (జంతువుల్ని, వస్తువుల్ని చెప్పే మాట) క్రియ వేరుపడదు. పైగా కర్తను వదిలేసినా వాక్యం కుంటుపడదు.

మొన్న ఒక మిత్రురాలి కథ దిద్దుతున్నాను. చెప్పేది కోడలు. మొదటి పేజీ అంతా ‘అత్తయ్యగారు లేచారు, కాఫీ అడిగారు, పంచదార ఎక్కువైందన్నారు’. అత్తగారు పోయిన పదకొండో రోజు రాత్రి, పాత ప్రతిలో ఇలా ఉంది: ‘వంటింట్లోకి ఏదో తెలియని ఆకారం వచ్చింది.’ అందులో కోడలూ లేదు, భయమూ లేదు. ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం:

‘వంటింట్లోకి వచ్చింది. పంచదార డబ్బా మూత దొర్లిన చప్పుడు.’

పిల్లే కావచ్చు. అత్తగారే అయితే, మరి ‘వచ్చారు’ ఏమైంది? ఇన్నేళ్లు నోట్లో పెట్టుకు తిరిగిన ‘రు’ ఆ రాత్రి జారిపోయింది. వచ్చిందెవరో తెలియలేదు గానీ కోడలి మనసు తెలిసింది. అక్కడ ‘ఆమె’ అని ఒక్క మాట చేరిస్తే చాలు, అంతా పోతుంది.

ఇది చదివి ఒకరు అడిగారు: మాది కరీంనగర్. మా ఇంట్ల అత్తమ్మ ఎదురుంగ ఉన్నప్పుడు గూడ ‘అత్తమ్మ అచ్చింది’ అనే అంటం. మరి ఆ ‘రు’ జారుడు మా కథల ఎట్ల చూపియ్యాలె?

నా జవాబు: అవునండీ, అక్కడ ఇది పనిచేయదు. క్రియలో జారడానికి ఏమీ లేదు కాబట్టి పిలుపులో చూపించాలి. పేజీ నిండా ‘అత్తమ్మ, అత్తమ్మ’ అన్న కోడలు ఆ రాత్రి పేరెత్తకుండా ‘అచ్చింది’ అని ఊరుకోవాలి.

మామగారి దయ్యానికైతే ఏ ప్రాంతంలోనూ కుదరదు. ‘వచ్చాడు’ అన్నా, ‘వచ్చారు’ అన్నా మనిషి కళ్లముందు నిలబడిపోతాడు. అలాంటి చోట నేను మామగారిని కర్తగా పెట్టను. ‘వరండాలో పడక్కుర్చీ కిర్రుమంది’ అని రాస్తాను. కర్త కుర్చీయే.