ఆరేళ్ల బాబుకు రిస్పెరిడోన్: ఆకలి పెరిగితే మాత్ర ఆపవచ్చా?

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి:
ఆటిజం ఉన్న మా బాబు తలను గోడకు కొట్టుకోవడం, చెల్లెలిని కొరకడం ఎక్కువైనందున, రెండు నెలల క్రితం నల్లగొండలో డాక్టరుగారు రిస్పెరిడోన్ రాశారు. కోపం తగ్గింది గానీ, అన్నం తిని చేయి కడిగిన పది నిమిషాలకే మళ్లీ కంచం పట్టుకొని వంటింటి గడపలో నిలబడుతున్నాడు. మా అత్తమ్మ మాత్ర మాన్పించమంటున్నారు. ఆపవచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తండ్రి:
అక్కా, దయచేసి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఆకలి, బరువు పెరగడం ఈ మందుకు తెలిసిన దుష్ప్రభావమే కనుక, బరువును తేదీలతో రాసిపెట్టి డాక్టరుగారికి చూపించి, మోతాదు గురించీ రక్తంలో చక్కెర పరీక్ష గురించీ అడగండి.

దేవరకొండ నుంచి మరొక తల్లి:
ఈ మాత్ర కోపాన్ని తగ్గిస్తుందే తప్ప మాట నేర్పదు, కాబట్టి థెరపీ మానకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

మిర్యాలగూడ తల్లి:
బరువు ఈరోజే చూస్తాను. అత్తమ్మను కూడా డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్తాను.